అభివృద్ధి రంగంలో ఉద్యోగాలు

తెలుగునాట ఎన్జీవో అనగానే చాలామందికి గుర్తొచ్చేది గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగి. ఎన్జీవో హోం, ఎన్జీవోస్ కాలనీ, ఎన్జీవోల సంఘం అన్నీ ఆ ఉద్యోగులవే. అందుకే డిగ్రీ పూర్తిచేసిన కుర్రవాడు ‘ఎన్జీవోలో చేరాను’ అంటే ఇంట్లో పెద్దవాళ్లు సర్కారు కొలువే అనుకుంటారు. అది స్వచ్ఛంద సంస్థ అన్న అసలు సంగతి తెలిశాక వాళ్లు అడిగే మొదటి మాట, ‘మరి జీతం ఎవరిస్తారు?’ ఈ రంగంలో ఉద్యోగం వెతికేవారు సంస్థ పేరు, హోదా, ఊరు చూడకముందే వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే.

స్వచ్ఛంద సంస్థల్లో పని, ప్రజా విధానాల మీద పరిశోధన, ఈ రెండింటి సంగతులనూ ప్రజలకూ ప్రభుత్వానికీ దాతలకూ చేరవేసే సమాచార పని, ఈ మూడింటినీ కలిపి అభివృద్ధి రంగం అంటున్నారు. అందులో ఉన్నవారు ‘డెవలప్‌మెంట్ సెక్టార్’ అనో, ఇంకా క్లుప్తంగా ‘సెక్టార్’ అనో అంటారు. మూడు పనుల మధ్య గోడలు పలచన. పొద్దున గ్రామసభలో కూర్చున్న కార్యకర్తే రాత్రికి దాని మీద నివేదిక రాస్తాడు. ఆ నివేదికలోని సంగతి కొన్నాళ్లకు ఒక జీవోలో రెండు వాక్యాలై తేలవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ఉద్యోగాలు ఎలా పుట్టాయో, ఎక్కడ ఉన్నాయో, వాటిలోకి ఎలా చేరుతున్నారో ఈ వ్యాసం వివరిస్తుంది.

సేవ కొలువుగా మారిన క్రమం

మొదట్లో ఇది ఉద్యోగం కాదు. ఆశ్రమాల్లో, మిషన్లలో, గ్రంథాలయోద్యమంలో పనిచేసినవారు జీతం చూసి చేరినవారు కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి మొదలుపెట్టిన పని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుగా ఎదిగింది. బడులు, ఆసుపత్రులు, ఇళ్ల నిర్మాణం దాకా విస్తరించి, కరువు జిల్లాలో వేలమందికి తెలిసిన కొలువుల చిరునామా అయింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సాయం పట్టుకొచ్చిన సంస్థలకు లెక్కలు రాసేవారు, మనుషుల్ని కూడగట్టేవారు కావలసి వచ్చారు. సాయం ముగిశాక కూడా కొందరు అదే పనిలో ఉండిపోయారు. తీర ప్రాంతంలో ఈ రంగంలోని పాత తరాన్ని కదిలిస్తే ఆ ఉప్పెన ప్రస్తావన రాకుండా ఉండదు.

1981లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, 1983లో జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడ్డాయి. మొదటిది పనిలో ఉన్న పిల్లల్ని బడికి మళ్లించింది. రెండోది మెట్ట పొలాల దళిత మహిళల సంఘాలతో చిరుధాన్యాల సాగును నిలబెట్టింది. ఇలాంటి సంస్థల్లో సంఘాలను కూడగట్టే పని ప్రత్యేకమైన నైపుణ్యంగా రూపుదిద్దుకుంది. దానికి డిగ్రీ కన్నా ఓపిక, మాటతీరు, ఊరి రాజకీయం తెలిసి ఉండటం ముఖ్యం.

తర్వాతి మలుపు ప్రభుత్వం నుంచి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మహిళల పొదుపు సంఘాలు ఊరూరా మొలిచాయి. వాటిని ఒక గొడుగు కిందికి తేవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను, అందరూ ‘సెర్ప్’ అనే సంస్థను, సొసైటీగా నమోదు చేసింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆ సంస్థ నడిపిన పథకాన్ని మొదట ‘వెలుగు’ అన్నారు, తర్వాత ‘ఇందిరా క్రాంతి పథం’ అన్నారు. ఊళ్లో ఇప్పటికీ ‘వెలుగు ఆఫీసు’ అనే అంటారు. అటు పూర్తిగా సర్కారూ కాని, ఇటు స్వచ్ఛంద సంస్థా కాని కొత్త తరహా ఉద్యోగి అక్కడే పుట్టాడు. 2011లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ నమూనా నుంచి చాలా తీసుకుంది. ఇక్కడి పొదుపు సంఘాల మహిళలే రిసోర్సు పర్సన్లుగా బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష రాకపోయినా సంఘాలు కట్టి వచ్చారు. తెలుగు రాష్ట్రాలు దేశానికి ఇచ్చిన అసలైన నైపుణ్యాల్లో ఇది ఒకటి. దానికి తగిన పేరు ఇంకా రాలేదు.

డబ్బు దారి

చట్టం దృష్టిలో స్వచ్ఛంద సంస్థలు ప్రధానంగా మూడు రకాలు: సొసైటీ, ట్రస్టు, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింది కంపెనీ. సొసైటీలకు దేశంలో 1860 నాటి చట్టం ఉన్నా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో సొంత చట్టం చేసుకుంది. ఉద్యోగికి మాత్రం ఈ తేడా కన్నా, ఆ సంస్థకు డబ్బు ఎటు నుంచి వస్తోందన్నదే ఎక్కువ ముఖ్యం. పోస్టు ఎన్నాళ్లు ఉంటుందో, నివేదిక ఏ భాషలో రాయాలో, ఎవరికి జవాబు చెప్పాలో తేల్చేది ఆ డబ్బే.

విదేశీ విరాళాల మీద 1976 నుంచి చట్టం ఉంది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ ఉద్యోగాల మీద నేరుగా పడింది. పరిపాలనా ఖర్చు విదేశీ విరాళంలో 50 శాతం దాకా ఉండవచ్చన్న పరిమితి 20 శాతానికి తగ్గింది. ఆసుపత్రి డాక్టరు, బడి టీచరు జీతాలు ఆ లెక్కలోకి రావు కానీ, కార్యాలయాన్ని నడిపేవారి జీతాలు వస్తాయి. దానితో అకౌంటెంట్లు, మేనేజర్లు, ప్రచార విభాగం వారి మీద ఒత్తిడి పెరిగింది. అదే సవరణ, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు పంచకుండా ఆపింది. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ దగ్గర గ్రాంటు తీసుకుని మండల స్థాయిలో పదిమందితో నడిచే చిన్న సంస్థకు అది గొంతు మీద కాలు. ఊరివాడికి ఊరి దగ్గరే దొరికే కొలువులు ఎక్కువగా ఉండేది అలాంటి చిన్న సంస్థల్లోనే.

పరిశోధన సంస్థలకూ ఇదే పరీక్ష. 1973లో ఢిల్లీలో ఏర్పడిన సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ దేశంలో పేరున్న విధాన కేంద్రాల్లో ఒకటి. విదేశీ విరాళాల అనుమతిని 2023 ఫిబ్రవరిలో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేయడంతో అక్కడి పరిశోధకుల్లో చాలామంది వేరే చోట్లు వెతుక్కున్నారు. సంస్థ ఎంత పాతదైనా, నిధి ఒకే దారిన వస్తుంటే ఉద్యోగి కాళ్ల కింద నేల అంత గట్టిది కాదు.

మరో దారి కంపెనీల సామాజిక బాధ్యత, అంటే సీఎస్ఆర్. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. తాను ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. అందుకే ఫ్యాక్టరీలు, గనులు ఉన్న చోట బడి, ఆరోగ్యం, నైపుణ్య శిక్షణ పోస్టులు ఎక్కువ. కంపెనీ లెక్క ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉండటంతో చాలా పోస్టులు మార్చి 31తో ముగిసేలా ఉంటాయి. ప్రకటనలు ఏప్రిల్ నుంచి జులై దాకా ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం.

మూడోది ప్రభుత్వ సొసైటీలు. సెర్ప్, పట్టణాల్లో మెప్మా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం కోసం ఏర్పాటైన రైతు సాధికార సంస్థ ఈ కోవలోవి. రైతు సాధికార సంస్థ వ్యవసాయ డిగ్రీ చదివినవారిని నేచురల్ ఫార్మింగ్ ఫెలోలుగా ఊళ్లలో ఉంచి, పంట పండించే బాధ్యతను కూడా అప్పగించింది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది.

ఊళ్లో పని

ఈ రంగంలో ఎక్కువ కొలువులు ఉన్నది ఊళ్లలోనే, తక్కువ గుర్తింపు ఉన్నదీ వాటికే. హోదా పేర్లు సంస్థను బట్టి మారతాయి: కమ్యూనిటీ ఆర్గనైజర్, ఫీల్డ్ కోఆర్డినేటర్, మోటివేటర్, క్లస్టర్ ఇన్‌చార్జి. వెలుగు వ్యవస్థలో నిచ్చెన స్పష్టంగా ఉంది. గ్రామ సంఘం పుస్తకాలు రాసే వీవోఏ, కొన్ని ఊళ్లకు కలిపి సీసీ, మండలానికి ఏపీఎం, ఆపైన జిల్లాలో డీపీఎం. మొదటి మెట్టు మీద ఉన్నవారు ఎక్కువగా ఆ ఊరి మహిళలే. నెలవారీ సమావేశంలో ఎవరు వాయిదా కట్టారు, ఎవరు కట్టలేదు, ఎందుకు కట్టలేదు అన్న మూడు ముక్కలూ తెలిసినది వీవోఏకే. జిల్లా కార్యాలయంలో కంప్యూటర్ ముందున్న వ్యక్తికి మొదటి రెండే తెలుస్తాయి.

సామాజిక తనిఖీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షన్ పనులను గ్రామసభ తనిఖీ చేయాలని చెప్పింది. చట్టంలో మాట ఉన్నా దాన్ని చేసే మనుషులు ఎక్కడా లేరు. రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం తోడుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ మనుషుల్ని తయారు చేసింది. 2009లో దీనికోసమే ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలను ఎంచుకుని గ్రామ సామాజిక తనిఖీదారులుగా శిక్షణ ఇచ్చారు. వారి మీద జిల్లా, రాష్ట్ర రిసోర్సు పర్సన్లు, అంటే డీఆర్పీ, ఎస్ఆర్పీ అనే స్థాయిలు ఉంటాయి.

పని ఇలా సాగుతుంది. బృందం ఊళ్లోనే బస చేస్తుంది. మస్టర్లు, చెల్లింపుల కాగితాలు చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. ‘ఈ వారం ఆరు రోజులు పనికెళ్లినట్టు ఉంది, వెళ్లారా?’ అని అడుగుతుంది. చనిపోయినవారి పేరు మీద కూలి పడిందా, లేని కుంటకు బిల్లు పెట్టారా అని పనిచోటు కొలిచి చూస్తుంది. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ అధికారుల ఎదుట, ఊరివాళ్ల మధ్య నిలబడి ఆ యువతో యువకుడో నివేదిక చదువుతారు. బెదిరింపులూ ఉంటాయి, మొహమాటాలూ ఉంటాయి. ఆధారం కాగితం మీద లేకపోతే మాట నిలవదు. ప్రజా విధానం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఇంత దగ్గర నుంచి నేర్పే బడి ఇంకొకటి చూపడం కష్టం. ఇక్కడ మూడేళ్లు పనిచేసినవారి అనుభవాన్ని నగరంలోని పరిశోధన సంస్థలు ‘ఫీల్డ్ స్టాఫ్’ అని కిందమెట్టులో వేయడం ఈ రంగానికి జరుగుతున్న నష్టం.

‘ఫీల్డ్ ఆఫీసర్ కావలెను’ అన్న ప్రతి ప్రకటనా ఈ రంగానిదే అనుకోకూడదు. సూక్ష్మరుణ సంస్థలు కొన్ని లాభాపేక్ష లేని సంస్థలుగా పుట్టి తర్వాత ఫైనాన్స్ కంపెనీలుగా మారాయి. వాటి ఫీల్డ్ ఆఫీసరు ప్రధాన పని వాయిదాల వసూలు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు ఆ వసూళ్ల మీద వచ్చిన ఆగ్రహానికి జవాబే. చేరే ముందు లక్ష్యం దేనితో కొలుస్తారో అడిగితే తేడా తేలిపోతుంది.

మైకు పట్టినవారు

సమాచార పని అంటే ఇంగ్లిషు బాగా వచ్చిన నగర యువతీ యువకుల కొలువు అన్న అభిప్రాయం గట్టిగా ఉంది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో ఉన్న సంఘం రేడియో ఆ అభిప్రాయాన్ని తిప్పికొట్టింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. సంఘాల దళిత మహిళలకు కెమెరా, మైకు నేర్పించాలని ఆయన పట్టుబట్టారు. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతి లేకపోవడంతో వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించేవారు. 2006లో కేంద్రం విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దేశంలో స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో, గ్రామీణ మహిళలే నడిపిన తొలి సామాజిక రేడియోగా దానికి పేరు. విత్తనం, పండుగ, పశువు, పాట, అన్నీ ఆ ప్రాంతపు తెలుగులోనే. అక్కడి మహిళలు తీసిన డాక్యుమెంటరీలు విదేశీ వేదికల దాకా వెళ్లాయి. సతీష్ 2023లో కన్నుమూశారు.

మామూలు సంస్థలో ఈ కొలువు ఇంకోలా ఉంటుంది. వార్షిక నివేదిక, దాతలకు ఉత్తరాలు, ఊరి మనిషి కథ, పత్రికలకు ప్రెస్‌నోట్, వాట్సాప్‌లో పంపే రెండు నిమిషాల వీడియో, మంత్రి వస్తే ఫ్లెక్సీ దాకా అన్నీ ఒక్కరి నెత్తినే. జిల్లా పేజీల్లో పనిచేసిన విలేకరులు ఇందులో బాగా రాణిస్తారు. వాళ్లకు గడువు తెలుసు, వార్త తెలుసు, కలెక్టరేట్‌లో ఏ గది తలుపు తట్టాలో తెలుసు. నేర్చుకోవాల్సింది ఒక్కటే. పత్రికకు ఆ రోజుతో తీరిపోయే మనిషి కథ, సంస్థకు తీరదు. ఆ మనిషి రేపు మళ్లీ ఎదురుపడతాడు.

అందుకే ఫొటో తీయడానికి ముందు అనుమతి అడగడం ఈ పనిలో మర్యాద. పిల్లల విషయంలో అది చాలదు, చట్టం కూడా ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. లైంగిక నేరాలకు గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టమూ అదే చెబుతుంది. బడి మానేసిన అమ్మాయి ముఖాన్ని పోస్టరు మీదికి ఎక్కించి విరాళం అడిగే సంస్థలో ప్రచార ఉద్యోగం వస్తే, చేరేముందు ఆలోచించాలి.

భాష సంగతి కూడా ఇక్కడే. ప్రతిపాదనలు ఇంగ్లిషులో రాస్తారు, పని తెలుగులో జరుగుతుంది. మధ్యలో అనువాదం చేసేవారికి జీతం తక్కువ, బాధ్యత ఎక్కువ. ‘లబ్ధిదారు’ అని రాస్తే ఎవరో ఇస్తున్నారు, ఎవరో పుచ్చుకుంటున్నారు. ‘హక్కుదారు’ అని రాస్తే బరువు మారిపోతుంది. గోండి, కోయ, సవర మాట్లాడే ఊళ్లలో తెలుగు కూడా రెండో భాషే. ఆ భాషల్లో ఒకటి వచ్చిన కార్యకర్త దరఖాస్తులో దాన్ని చివరి వరుసలో రాయకూడదు, మొదటి వరుసలో రాయాలి.

ప్రభుత్వంలో ఈ పనికి సమాచార పౌర సంబంధాల శాఖ ఉంది. జిల్లాల్లో డీపీఆర్వో కార్యాలయాలున్నాయి. కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసుకు దారి సివిల్ సర్వీసు పరీక్ష. అది వేరే సాధన.

విధాన పరిశోధన

హైదరాబాద్ ఈ విషయంలో అదృష్టవంతురాలు. 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 1980లో బేగంపేటలో సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, అంటే సెస్, 2001లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఏర్పడ్డాయి. 1958లో ముస్సోరీలో మొదలై 1960లలో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. వీటిలో శాశ్వత ఆచార్య పదవులు కొద్ది. ఎక్కువగా దొరికేవి ప్రాజెక్టు కాలానికి రిసెర్చ్ అసిస్టెంట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పోస్టులు.

ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అంటే ప్రశ్నావళి పట్టుకుని తిరిగేవాడు అని తీసిపారేయకూడదు. 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లలను పసితనం నుంచి యవ్వనం దాకా వెంబడించింది. పెళ్లై ఊరు మారిన అమ్మాయినీ, పనికోసం బెంగళూరు వెళ్లిన అబ్బాయినీ వెతికి పట్టుకున్నది తెలుగు సర్వేయర్లే. అంతర్జాతీయ పత్రికల్లో వచ్చిన ఎన్నో పట్టికల కింద వాళ్ల కాలినడక ఉంది. ఇలాంటి సర్వేల్లో రెండు మూడు దఫాలు పనిచేసి సూపర్‌వైజరుగా, తర్వాత డేటా చూసేవారుగా ఎదిగేవారు ఉన్నారు. గణాంక సాఫ్ట్‌వేర్ ఒకటైనా వచ్చి ఉంటే ఆ దారి త్వరగా తెరుచుకుంటుంది.

ఢిల్లీలో 2005లో ఏర్పడిన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రిసెర్చ్ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక యువ పట్టభద్రుడు ఒక ఎంపీ దగ్గర వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పనిచేస్తాడు. ప్రశ్నలు తయారు చేయడం, బిల్లు మీద నోట్ రాయడం, స్థాయీ సంఘానికి సమాచారం అందించడం అతని పని. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నీతి ఆయోగ్, మంత్రిత్వ శాఖలు యంగ్ ప్రొఫెషనల్స్‌ను, కన్సల్టెంట్లను కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. ఎన్నికల వ్యూహ సంస్థలు ఇంకో ద్వారం. 2019 ఎన్నికల ముందు ఐప్యాక్ ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసినప్పటి నుంచి తెలుగు యువతకు ఆ కొలువు పరిచయం. అందులో సర్వే, ప్రచారం, నియోజకవర్గ విశ్లేషణ నేర్చుకోవచ్చు. అయితే ఆ సంస్థ పని ఒక పార్టీ గెలుపు కోసం. ప్రజా విధానం చదివినవారు ఈ తేడాను తెలిసి చేరాలి.

విధానం ఢిల్లీలోనో సచివాలయంలోనో మాత్రమే తయారు కాదు. విశాఖ ఏజెన్సీలో పనిచేసిన సమత అనే సంస్థ గిరిజన భూముల్లో గనుల లీజుల మీద కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇవాళ దేశమంతా సమత తీర్పు అనే పిలుస్తుంది. వెంకటరంగయ్య ఫౌండేషన్ నడిపించి, 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పుట్టిన అనుభవం అలా ఢిల్లీ బల్ల మీదికి చేరింది. విధాన పరిశోధకుడు కావాలనుకునేవారు ముందు ఒక జీవోను మొదటి పేరా నుంచి చివరి సంతకం దాకా చదవడం, దానికి పాత జీవోలతో ఉన్న లంకె పట్టుకోవడం, సమాచార హక్కు దరఖాస్తు సూటిగా రాయడం నేర్చుకోవాలి. పేరున్న కళాశాలలు చదివినవారికి కూడా ఇవి రాకపోవడం కనిపిస్తుంటుంది.

చదువులు, ఫెలోషిప్పులు

సాంప్రదాయికమైన దారి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కళాశాల లాంటి చోట్ల చదివినవారు రెండు రాష్ట్రాల సంస్థల్లో కనిపిస్తారు. 1936లో ముంబైలో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు హైదరాబాద్‌లో ప్రాంగణం ఉంది. 1979లో వర్గీస్ కురియన్ గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన ఇర్మా గ్రామీణ నిర్వహణకు పేరు తెచ్చుకుంది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ డెవలప్‌మెంట్ నడుపుతోంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయమూ ఇస్తుంది. విధానం మీద ప్రత్యేకంగా చదవాలంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్, హైదరాబాద్‌లో గీతం ఆధ్వర్యంలోని కౌటిల్య స్కూల్ ఉన్నాయి. సమాచార రంగానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్.

ఫీజు పెద్దదైన కోర్సుకు అప్పుచేసే ముందు, ఈ రంగంలో మొదటి జీతం ఆ అప్పు వాయిదా మోయగలదా అన్నది లెక్కవేసుకోవాలి. డిగ్రీ తర్వాత ఒకటి రెండేళ్లు ఫెలోషిప్ చేసి, ఇది తనకు సరిపడే పనేనా అని తేల్చుకున్నాక పీజీకి వెళ్లడం చాలామందికి మేలు చేసింది. టీచ్ ఫర్ ఇండియా ఫెలోలు రెండేళ్లు బడిలో పాఠం చెబుతారు. హైదరాబాద్ దాని నగరాల్లో ఒకటి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలల గ్రామీణ ఫెలోషిప్. 1983లో ఏర్పడిన ప్రదాన్ కొత్తవారిని అప్రెంటిస్‌లుగా ఊళ్లలో ఉంచి, ఉండాలా వద్దా అన్నది వాళ్లనే తేల్చుకోమంటుంది. మహాత్మా గాంధీ నేషనల్ ఫెలోషిప్ నడిచినప్పుడు అందులో భాగస్వాములైన ఐఐఎంలలో విశాఖపట్నం ఒకటి.

వెతికే తీరు

డెవ్‌నెట్ జాబ్స్ ఇండియా, ఎన్జీవో బాక్స్, లింక్‌డ్‌ఇన్, సంస్థల సొంత పేజీలు, ఇంగ్లిషులో ప్రకటనలకు ఇవి చాలు. అయితే మండల స్థాయి పోస్టులు వాటిలోకి ఎక్కవు. అవి కార్యకర్తల వాట్సాప్ గ్రూపుల్లో, జిల్లా పత్రికలో చిన్న పెట్టెలో, కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద, మాట వెంట మాటగా తిరుగుతాయి. పరిచయం వల్ల ఉద్యోగం వస్తుందంటే సిఫారసు అనుకునే అలవాటు మనది. ఇక్కడి పరిచయం వేరు. వరదల్లో పది రోజులు బియ్యం మోసినవాడిని, బడి సర్వేలో నెల రోజులు తిరిగిన అమ్మాయిని ఎవరో చూసి ఉంటారు. పోస్టు పడినప్పుడు ఆ పేరు గుర్తొస్తుంది. పరిచయం లేనివారికి ఇది అన్యాయమే. ప్రథమ్ సంస్థ నడిపే ‘అసర్’ లాంటి బడి చదువుల సర్వేల్లో వలంటీరుగా చేరడం ఆ లోటు తీర్చుకునే మంచి మార్గం.

దరఖాస్తులో ‘సమాజ సేవ మీద ఆసక్తి’ అన్న వాక్యానికి విలువ లేదు. ‘ఏడు ఊళ్లలో 22 పొదుపు సంఘాల పుస్తకాలు చూశాను’ అన్నదానికి ఉంది. ఇంటర్వ్యూలో చాలా సంస్థలు ఒక రోజు ఊరికి తీసుకెళ్తాయి. అక్కడ చూసేది మాట్లాడే తీరు కన్నా వినే తీరు. అరుగు మీద కూర్చున్నావా, కుర్చీ కోసం చూశావా అన్నది కూడా గమనిస్తారు.

అభ్యర్థి కూడా సంస్థను పరీక్షించాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉందా, వార్షిక నివేదిక, ఆడిట్ లెక్క అడిగితే చూపిస్తారా, ఈ పోస్టుకు నిధి ఎవరిది, ఎప్పటిదాకా? 20 మంది లేదా అంతకు మించి ఉన్న చోట పీఎఫ్ వర్తిస్తుంది. పదిమంది ఉన్న ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజనో, డిపాజిట్టనో డబ్బు అడిగేది ఉద్యోగం కాదు, మోసం. కేంద్ర పథకాల పేరు పెట్టుకుని, మండలానికి ఒక కోఆర్డినేటర్ అంటూ సొమ్ము వసూలు చేసే ముఠాలు నిరుద్యోగుల్ని దెబ్బతీస్తూనే ఉన్నాయి.

జీతం, భద్రత

‘సేవ కదా’ అన్న మాటతో జీతం తగ్గించడం ఈ రంగపు పాత జబ్బు. అంతర్జాతీయ సంస్థలు, పెద్ద ఫౌండేషన్లు మంచి జీతాలిస్తాయి. మండల స్థాయి కార్యకర్తకు వచ్చేది గౌరవ వేతనం, అది కూడా గ్రాంటు వాయిదా ఆలస్యమైతే ఆగుతుంది. ఒకే సంస్థలో ఈ ఇద్దరి మధ్య దూరం చాలా పెద్దది. బండి పెట్రోలు, ఫోన్ డేటా, ప్రమాద బీమా ఎవరు భరిస్తారన్నది నియామక పత్రంలో రాయించుకోవాలి. మహిళా కార్యకర్తలకు సాయంత్రం సమావేశాలు పెద్ద ప్రశ్న. కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లకు రాత్రి ఎనిమిదికి గానీ తీరిక దొరకదు. సమావేశం ముగిసి ఆఖరి బస్సు వెళ్లిపోయాక కార్యకర్త ఇల్లు చేరే ఏర్పాటు సంస్థదే. దాన్ని ఆమె ధైర్యం మీద వదిలేసే సంస్థ ఎంత మంచి పని చేస్తున్నా, ఆ ఒక్క చోట తప్పు చేస్తోంది.

విదేశాల్లో

అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలు లాభాపేక్ష లేని సంస్థలే అయినా అవి ఎక్కువగా స్వచ్ఛందంగా నడిచేవి, ఉద్యోగాల నిలయాలు కావు. అక్కడ ప్రజారోగ్యం, ప్రజా విధానం చదువుతున్న తెలుగు విద్యార్థులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు హెచ్1బీ వీసా వార్షిక పరిమితికి బయట ఉంటాయి. అంటే లాటరీ అక్కర్లేదు. అన్ని స్వచ్ఛంద సంస్థలకూ ఇది వర్తించదు. సంస్థ ఏ కోవలోకి వస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రాజెక్టు ముగిసేటప్పుడు

ఈ రంగంలో ఉద్యోగం పోవడం ఎక్కువసార్లు ఉద్యోగి తప్పు వల్ల కాదు, గ్రాంటు కాలం తీరడం వల్ల. కాబట్టి చివరి ఆరు నెలల్లోనే తర్వాతి చోటు వెతకడం మొదలుపెట్టాలి. దాన్ని నమ్మకద్రోహంగా చూడని సంస్థే మంచి సంస్థ. వెళ్లేముందు అనుభవ పత్రంలో హోదాతో పాటు పనిచేసిన మండలాలు, ఊళ్ల సంఖ్య, చేసిన పని, చూసిన బడ్జెట్టు రాయించుకోవాలి. ‘సంతృప్తికరంగా పనిచేశారు’ అన్న ఒక్క వాక్యం తర్వాతి సంస్థకు ఏమీ చెప్పదు. సంఘాల రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకాలు, కేసుల ఫైళ్లు ఊరి సంఘానికో, తర్వాత వచ్చేవారికో సంతకం తీసుకుని అప్పగించాలి. ఫోన్లో ఉన్న పిల్లల ఫొటోలు, ఇంటర్వ్యూల రికార్డింగులు సంస్థకు ఇచ్చి తన దగ్గర చెరిపేయాలి. ఆఖరుగా, పనిచేసిన ప్రతి ఊరికీ వెళ్లి, ఇక తాను రావడం లేదని, ఆగిన పింఛను దరఖాస్తు గురించి ఎవరిని అడగాలో పేరుతో సహా చెప్పి రావాలి.